చాటో : అమెరికా సీమాంతమున ఒక అపాచీ వేగులవాని చరిత్రము

1886వ సంవత్సరము జూలై మాసమున అమెరికా సంయుక్త రాష్ట్రముల రాజధానియగు వాషింగ్టను నగరమునకు ఆరిజోనా కొండలనుండి అపాచీ జాతివారి ప్రతినిధివర్గ మొకటి వచ్చెను. అందు ముఖ్యుఁడు చాటో అనువాఁడు. అతఁడు అమెరికా సైన్యమున వేగులవారికి ప్రథమ సార్జంటుగా పనిచేసినవాఁడు. యుద్ధమంత్రియైన ఎండికాటు అతనితో మాటలాడెను. దేశాధ్యక్షుఁడైన గ్రోవర్ క్లీవ్లండు దర్శన మిచ్చెను. మెడలో వ్రేలాడఁదగిన పెద్ద వెండి పతకమును అతనికి బహుమానముగా నిచ్చిరి. ఆ మీఁద రెండు మూఁడు మాసములు గడవకముందే, ఆ పతకముతోడనే, చాటో ఫ్లోరిడా తీరమునందలి మేరియన్ కోటలో యుద్ధబందియై యుండెను. అతఁడు బందిగా గడపిన కాలము ఇరువదియాఱు సంవత్సరములకు మించినది.

అపాచీ యుద్ధములనుగూర్చి వ్రాసినవారిలోఁ బెక్కండ్రు జెరానిమోను కథానాయకునిగా గ్రహించి, చాటోను ప్రక్కన నిలిపిరి. సైన్యాధికారుల గ్రంథములలో అతఁడు విశ్వాసపాత్రుఁడు. అపాచీ వృద్ధులలో పలువుర నోట ద్రోహి. ఈ రెండు మాటలును తీర్పులే కాని చరిత్రము కావు. అతఁడు దేనిని కోరి సేవచేసెనో, ఆ సేవకు ప్రభుత్వ మిచ్చిన ప్రతిఫల మెట్టిదో విచారించినఁగాని, ఆ కాలపు సీమాంతసైన్యమున వేగులవాని బ్రతుకు అర్థము కానేరదు.

ముందుగా పదవిచారము కొంత యవసరము. ఆంగ్లమునందలి స్కౌటు అను మాటకు తెలుఁగున సరియైన పర్యాయము లేదు. చారుఁడనినచో మాఱువేషమున శత్రుమండలమునఁ దిరిగి రహస్యములు గ్రహించువాఁడని తోఁచును. వేగులవాఁడను మాట కొంత దగ్గఱయైనను అదియు వార్తలు తెచ్చువానినే చెప్పును. అమెరికా సైన్యపు స్కౌటు మఱుగున నుండువాఁడు కాఁడు; జీతపు పట్టీలో పేరు వ్రాయించుకొని బహిరంగముగా తుపాకి పట్టినవాఁడు. సైన్యమునకు ముందు నడచి దారి చూపుట, శత్రువుల జాడ తీయుట, వలసినపుడు తొలిదెబ్బ తానే కొట్టుట, తుదకు సంధిమాటలు మోసికొనిపోవుట, ఇవి యన్నియు అతని పనులే. ఈ వ్యాసమున వేగులవాఁడన్న చోట్ల నెల్ల ఈ విపులార్థమునే గ్రహింపవలయును.

ఇట్టివారిని సైన్యమునఁ జేర్చుకొనుటకు అమెరికా కాంగ్రెసు 1866వ సంవత్సరము జూలై 28వ తేదీని శాసనము చేసెను. స్వదేశజాతులవారిని వేయిమందికి మించకుండ స్కౌట్లుగా చేర్చుకొనవచ్చుననియు, వారికి అశ్వికభటులతో సమానమైన జీతబత్తెము లీయవలయుననియు దాని సారాంశము. ఉత్తరపు మైదానములలో పానీ జాతివారును క్రో జాతివారును ఈ కొలువునఁ జేరి లకోటాలకు ప్రతికూలముగాఁ బనిచేసిరి. లకోటాలు వారికి పూర్వమునుండియు పగవారు. కావున తెల్లవారితోఁ జేరుట వారికి స్వపక్షరక్షణమే యయ్యెను. ఆరిజోనాలో స్థితి వేఱు. అచ్చట అపాచీలను వెదకఁబోయినవారును అపాచీలే.

1871లో ఆరిజోనా సేనకు అధిపతిగా వచ్చిన జనరల్ జార్జి క్రుక్ ఈ పద్ధతిని శాస్త్రముగాఁ జేసినవాఁడు. ముల్లును ముల్లుతోనే తీయవలెనను మన సామెత అతనికిఁ దెలియకున్నను అతని యుద్ధనీతి యంతయు నదియే. అపాచీలలో తెల్లకొండవారు, శాన్ కార్లోసువారు, టాంటోలు, చిరికాహువాలు అని పెక్కు తెగలు. వారందఱును ఒక్క రాజ్యముగా నెన్నఁడును లేరు. క్రుక్ మొదట ఒక తెగవారిచే నింకొక తెగవారిని పట్టించెను. పిమ్మట ఆ తెగవారిచేతనే ఆ తెగవారిని పట్టింపసాగెను. దారి తెలియుట ఒక్కటియే ఇందులకుఁ గారణము కాదు. తమ బంధువులే తమ్ము వెదకుచు వచ్చుట చూచినచో ఎంతటి కొండవానికైనను మనస్సు విఱుగునని అతఁడు తలఁచెను. 1872-73 చలికాలపు దండయాత్రలోఁ బనిచేసిన పదిమంది అపాచీ స్కౌట్లకు 1875లో కాంగ్రెసు గౌరవపతకము లభించెను. అమెరికా సైన్యమున అంతకు మించిన బిరుదము లేదు.

కౌటిల్యుని యర్థశాస్త్రము చదివినవారికి ఇది క్రొత్త విషయము కాదు. అతఁడు మౌల, భృత, శ్రేణి, మిత్ర, అమిత్ర, అటవీ బలములని సేనను ఆఱు తెగలుగా విభజించి, మార్గము చూపుటకును, శత్రువు యుద్ధరీతికి ఎదురు రీతిని పోరాడుటకును అటవీబలము తగునని చెప్పినాఁడు. కాని ఆ బలము దోపిడి నాశించి వచ్చునదనియు, దానివలన రాజునకు అపాయము కలుగవచ్చుననియు శంకించినాఁడు. చాటో కథలో ఆ శంక తలక్రిందయ్యెను. ఇచ్చట అటవీబలమువలన రాజునకుఁ గలిగిన యపాయముకంటె, రాజువలన అటవీబలమునకుఁ గలిగిన యపాయము మిక్కుటము.

అపాచీ వేగులవాఁడు సామాన్యముగా ఆఱు మాసముల గడువునకు కొలువునఁ జేరెడివాఁడు. నెలకు 13 డాలర్ల జీతము. తుపాకియు గుండ్లును భత్యమును సర్కారువారివి. సైనికుని నీలపుచొక్కా తొడిగినను క్రింద గోచియు, మోఁకాలివఱకు వచ్చు మెత్తని తోలుజోళ్లును తన జాతివే. తలకుఁ జుట్టిన ఎఱ్ఱగుడ్డ మాత్రము అతనికి ప్రాణరక్షకము. కొండచఱియపై దూరమునుండి చూచు తెల్లసిపాయికి స్నేహితుఁడైన అపాచీయు శత్రువైన అపాచీయు ఒక్కరీతిగానే కనఁబడుదురు గదా! కవాతు అతనికిఁ బట్టదు; వరుస తీరి నడువఁడు. గుఱ్ఱపుదళమును సామానులు మోయు కంచరగాడిదల బారును వెనుక వచ్చుచుండఁగా, వేగులవారు చాల ముందుగా కాలినడకనే కొండశిఖరముల వెంబడి చెల్లాచెదరుగాఁ బోవుదురు. దినమునకు ముప్పది నలువది మైళ్లు నడచుట వారికి వింత గాదు.

జాడ తీయుటయందు వారి నేర్పును కెప్టెన్ జాన్ బూర్కు మిక్కిలి కొనియాడినాఁడు. బూర్కు క్రుక్ కొలువున నుండి, 1883 దండయాత్రను కన్నులారఁ జూచి గ్రంథము వ్రాసినవాఁడు. అపాచీల యాచారములను శ్రద్ధతోఁ బరిశీలించిన పండితుఁడు. ఒరిగిన గడ్డిపరక తిరిగి లేచిన తీరును, అడుగుజాడలోఁ బడిన యిసుక తడియును, గుఱ్ఱపులద్ది యెండిన మేరయును చూచి, పోయినవా రెందఱో, ఎన్నడు పోయిరో, స్త్రీలు వెంట నున్నారో లేరో వేగులవారు చెప్పెడివారు. విడిదిచేసిన చోట చిన్నగుడారము కట్టి కాఁగిన ఱాళ్లపై నీరు చల్లి ఆవిరిస్నానము చేయుట, వెంటవచ్చిన మంత్రవైద్యునిచే శకునము చూపించుకొనుట వారికి నిత్యకృత్యములు. అధికారులు దీనిని నిషేధింపలేదు. నిషేధించినచో వారొక్క యడుగును ముందుకు వేయరని క్రుక్ ఎఱుఁగును.

అయినను అనుమానము అణఁగియే యుండెను. 1881వ సంవత్సరము ఆగస్టు 30వ తేదీని సిబెక్యూ వాగునొద్ద ఒక మంత్రవైద్యుని పట్టుకొనఁబోయిన సైన్యముపై, దానివెంటనున్న తెల్లకొండ స్కౌట్లే తుపాకులు త్రిప్పిరి. వారు పట్టుకొనఁబోయినది తమ గురువును. మఱుసటి సంవత్సరము మార్చి 3వ తేదీని ముగ్గురు స్కౌట్లను గ్రాంటు కోటలో ఉరితీసిరి. అది మొదలు వాషింగ్టనులోని సేనానాయకులకు అపాచీ స్కౌటన్నఁ బూర్ణవిశ్వాసము లేదు.

చాటో చిరికాహువా తెగవాఁడు. చాటో యన్నది స్పానిషు మాట, చప్పిడిముక్కువాఁడని యర్థము. 1872లో చిరికాహువాలకు వారి కొండలలోనే యొక రిజర్వేషను, అనఁగా ప్రత్యేకముగా కేటాయించిన భూమి, లభించెను. నాలుగేండ్లకే ప్రభుత్వము దానిని రద్దుచేసి వారిని శాన్ కార్లోసునకుఁ దరలించెను. అది వేఁడియు దుమ్మును మలేరియాయు నిండిన పల్లపునేల. 1881వ సంవత్సరము సెప్టెంబరు చివర చిరికాహువాలలోఁ బలువురు అచ్చటినుండి పాఱిపోయి మెక్సికోలోని సియెర్రా మాద్రె పర్వతములఁ జేరిరి. వారిలో చాటోయు నుండెను.

అతని పూర్వచరిత్రమునందు కప్పిపుచ్చరాని ఘట్ట మొకటి కలదు. 1883 మార్చిలో చాటో సుమారు ఇరువదియాఱుగురు యోధులతో సరిహద్దు దాఁటి ఆరిజోనా, న్యూమెక్సికో సీమలపై మెఱుపువలెఁ బడెను. తుపాకిగుండ్లను సంపాదించుట ఈ దాడికి ముఖ్యోద్దేశ మందురు. ఆ దాడిలో మార్చి 28వ తేదీని మెకోమసు అను న్యాయవాదియు అతని భార్యయు దారిలో చంపఁబడిరి. ఆఱేండ్ల కుమారుఁడు చార్లీని ఎత్తుకొనిపోయిరి. ఆ బాలుఁడు మఱల కానరాలేదు. చాటో కడుమంచివాఁడని వ్రాసినవారు ఈ సంగతిని త్వరగా దాఁటిపోవుదురు. అది సరిగాదు.

ఆ దాడిలోనే విడిపోయి పట్టువడిన త్సోయే అనువాఁడు, సైనికులు పీచెసు అని పిలిచినవాఁడు, క్రుక్ సేనకు దారి చూపుటకు సమ్మతించెను. ఆ మే మాసమున క్రుక్ 193 మంది అపాచీ స్కౌట్లతోను, ఏఁబదిమందికి మించని గుఱ్ఱపుసిపాయిలతోను మెక్సికోలోఁ బ్రవేశించెను. అనఁగా ఆ సేన పేరునకు అమెరికాది, సంఖ్యచే అపాచీది. అంతవఱకు అన్యుల కగమ్యమనుకొన్న తమ కొండకోటలో స్వజాతివారే యెదురుపడఁగా చిరికాహువాలు సంధికి వచ్చిరి. 1884 ఫిబ్రవరిలో చాటో రిజర్వేషనునకుఁ దిరిగివచ్చెను. అప్పటికి అతని భార్యయు బిడ్డలును మెక్సికనులకుఁ జిక్కి చిహువాహువా సీమలో బానిసత్వమున నుండిరి. తరువాతి కాలమున అతని నడవడి కంతటికిని ఇదియే తాళపుచెవి.

చిరికాహువాలను ఈ సారి శాన్ కార్లోసున గాక, అపాచీ కోటకు సమీపమున చల్లని కొండలలో టర్కీవాగు నొద్ద నివసింపనిచ్చిరి. వారిని చూచు భారము బ్రిటన్ డేవిసు అను యువలెఫ్టినెంటుపైఁ బడెను. అతఁడు చిరికాహువాలనే స్కౌట్లుగాఁ జేర్చుకొని చాటోను ప్రథమ సార్జంటుగా నియమించెను. నిన్నటి దాడికాఁడు నేఁడు శాంతిరక్షకుఁడయ్యెను. చాటో పొలము దున్నెను. తనవారిని చెఱనుండి విడిపింపుఁడని అధికారులను పలుమాఱు వేఁడెను. వారును ప్రయత్నింతుమని మాట యిచ్చిరి. మొక్కజొన్నతోఁ జేయు టిస్విను అను మద్యమును నిషేధించుట, భార్యను కొట్టినవానిని శిక్షించుట మొదలగు క్రొత్త కట్టుబాట్లను తెగలో నిలువఁబెట్టవలసినవారును స్కౌట్లే. బంధువుల గుడిసెలలో జరుగుదానిని బంధువులే చూచి అధికారికిఁ జెప్పుట యెంతటి పగకుఁ గారణమగునో వేఱుగ వ్రాయ నక్కఱలేదు.

1885వ సంవత్సరము మే 17వ తేదీని జెరానిమో, నైచె, చిహువాహువా మున్నగు నాయకులు నూటికిఁ బైఁబడిన జనముతో మఱల పాఱిపోయిరి. పోవుచు డేవిసును చాటోను చంపింపఁ దలపెట్టిరనియు అది సాగలేదనియు డేవిసు వ్రాసినాఁడు. ఇచ్చట చదువరులు గమనింపవలసిన దొకటి కలదు. చిరికాహువాలలో దాదాపు నాలుగవవంతు మాత్రమే పాఱిపోయినది. నాలుగువందల మందికి దగ్గఱగా టర్కీవాగు నొద్దనే నిలిచిరి. పోయినవారి చేఁతలకు నిలిచినవారు పరిహారము చెల్లింపవలసివచ్చునేమో యను భయము వారందఱికిని కలదు. చాటో తుపాకి పట్టినది ఈ నిలిచినవారి పక్షమున. జాతి కంతటికిని ద్రోహి యనువారు ఈ లెక్కను విస్మరించుచున్నారు.

ఆ వేసవిని చాటో స్కౌట్లతో సియెర్రా మాద్రెలోఁ బ్రవేశించి చిహువాహువా శిబిరముపైఁ బడి కొందఱు స్త్రీలను పిల్లలను పట్టుకొనెను. అది సైనికదృష్టితో విజయము. కాని భార్యాబిడ్డలు పరులచేఁ జిక్కిన దుఃఖము తా ననుభవించుచు ఇతరుల భార్యాబిడ్డలను చెఱపట్టినవాఁడు చాటో. ఎదుటిపక్షమువారు ఈ పనిని ఎన్నఁడును క్షమింపలేదు. 1886 మార్చిలో క్రుక్‌తో సంధిమాటలాడుచు, తాను పాఱిపోవుటకు చాటోయు దుబాసియైన మికీ ఫ్రీయు చెప్పిన చాడీలే కారణమని జెరానిమో ఆరోపించెను.

ఆ సంధి నిలువలేదు. లొంగెదనన్న జెరానిమో రాత్రివేళ మఱల జాఱిపోయెను. సర్వసేనానియైన షెరిడను స్కౌట్లను శంకించెను. తన పద్ధతిపై నమ్మకము లేనిచో తనకు సెలవిండని క్రుక్ తప్పుకొనెను. అతని స్థానమున ఏప్రిలులో జనరల్ నెల్సన్ మైల్సు వచ్చెను. మైల్సు స్కౌట్లలో ననేకులను తొలఁగించి, ఐదువేల సైనికులను, కొండశిఖరములనుండి అద్దములతో సూర్యకాంతిని మెఱయించి వార్తలంపు సాధనములను నమ్ముకొనెను. నాలుగు మాసములైనను ఒక్కఁడును పట్టుపడలేదు. తుదకు లెఫ్టినెంటు గేట్‌వుడ్డు వెంట మార్టీనె, కయీటా అను నిద్దఱు చిరికాహువాలు జెరానిమో విడిదికి నిరాయుధప్రాయులై ఎక్కిపోయి సంధిమాటలు చెప్పవలసివచ్చెను. 1886 సెప్టెంబరు 4వ తేదీని జెరానిమో లొంగిపోయెను. అప్పటికి అతని వెంట నున్నవారు స్త్రీలను పిల్లలను గూడఁ గలుపుకొన్నను నలువదిమంది లేరు.

వేగులవారిని కొలువునుండి తొలఁగించుటతో కథ ముగియలేదు. పాఱిపోయినవారినేగాక శాంతముగా నున్న చిరికాహువాల నందఱను ఆరిజోనానుండి పంపివేయవలయునని మైల్సు నిశ్చయించెను. చాటో మున్నగువారిని వాషింగ్టనునకుఁ బంపుటకు మూలమిదియే. కెప్టెన్ డోర్సటు వారిని వెంటఁబెట్టుకొనిపోయెను. చాటో అచ్చట రెండు కోరికలే విన్నవించెను: టర్కీవాగు నేలను తమవారికి విడువవలయుననుట యొకటి, మెక్సికోలో చెఱనున్న తన కుటుంబమును రప్పింపవలయుననుట రెండవది. పతకముతోఁబాటు ఒక కాగితమును గూడ అతని చేతి కిచ్చిరి. అది అతఁడు వచ్చి పోయినందులకు యోగ్యతాపత్రము మాత్రమే. చాటో దానిని భూమి హామీపత్రమని తలఁచెను. చదువురానివాఁడు పట్టాయను నమ్మకముతో వట్టి కాగితమును భద్రపఱచుకొనుట ఏ దేశమునందైనను వినవచ్చు కథయే.

తిరుగుప్రయాణమున రైలు ఆరిజోనా చేరలేదు. కాన్సస్ రాష్ట్రములోని లెవెన్‌వర్తు కోటలో ఆ వర్గమును నిలిపివేసిరి. అచ్చటినుండి తిన్నగా ఫ్లోరిడాకుఁ బంపిరి. అదే సెప్టెంబరున అపాచీ కోటయొద్ద హాజరుపట్టీ చెప్పుకొనుటకు ఎప్పటివలె వచ్చిన చిరికాహువాలను సైనికులు చుట్టుముట్టి, హోల్‌బ్రూకు స్టేషనులో రైలెక్కించిరి. జెరానిమోను ఒప్పించిన మార్టీనె కయీటాలు గూడ జెరానిమో నెక్కించిన రైలులోనే బందులుగాఁ బోయిరి. 1887లో హెర్బర్టు వెల్షు మేరియన్ కోటను దర్శించి ప్రకటించిన నివేదికలో, అచ్చటి 82 మంది పురుషులలో 65 మంది జెరానిమోపై జరిగిన యుద్ధమున ఎప్పుడో యొకప్పుడు సర్కారు స్కౌట్లుగాఁ బనిచేసినవారేయని యున్నది. ఈ యొక్క లెక్క పెక్కు గ్రంథములకు సమానము.

మేరియన్ కోట స్పానిషువారు పదునేడవ శతాబ్దమునఁ గట్టిన ఱాతికోట. ఎడారికొండల జనులు సముద్రపుతేమలో, కోటబురుజులపై వేసిన గుడారములలో క్రిక్కిఱిసి యుండిరి. పిల్లలలో నూఱుమందికిఁ బైఁగా పెన్సిల్వేనియాలోని కార్లైలు పాఠశాలకుఁ గొనిపోఁబడిరి. క్షయ అచ్చటను ఇచ్చటను ప్రబలెను. 1887లో బందులను అలబామాలోని మౌంటు వెర్నను బారకాసులకు మార్చిరి. పిమ్మట పచ్చజ్వరవిషయమునఁ బ్రసిద్ధికెక్కిన డాక్టరు వాల్టరు రీడు అప్పు డచ్చట సైనికవైద్యుఁడు.

1890 జనవరిలో వృద్ధుఁడైన క్రుక్ మౌంటు వెర్ననునకు వచ్చెను. అతఁడు జెరానిమోతో మాటలాడుటకు నిరాకరించి తన పూర్వపు వేగులవారిని పిలిచి విచారించెను. చాటో ముందుకు వచ్చి, ఱొమ్మునఁ దగిలించుకొన్న పతకమును చేతితోఁ బట్టి చూపి, దీనిని కారాగృహమున ధరించుటకా నాకిచ్చితిరని యడిగెనఁట. క్రుక్ వీరిని విడిచి మంచినేలకుఁ బంపవలయునని ప్రభుత్వమునకు గట్టిగా వ్రాసెను. కాని ఆ మార్చి మాసముననే మరణించెను. నాలుగేండ్లు గడచిన పిమ్మట, 1894లో, చిరికాహువాలను ఓక్లహోమాలోని సిల్ కోటకుఁ జేర్చిరి. అచ్చట చాటో పేర నొక చిన్న పల్లె వెలసెను. అతఁడు మఱల స్కౌటుగా పేరు వ్రాయించుకొనెను. యుద్ధబందియే బందికానాను గన్న సైన్యమునకు భటుఁడగుట! ఇట్టి వైచిత్ర్యము సైనికచరిత్రములలో తఱచుగా గానరాదు.

1913లో చెఱ ముగిసెను. 187 మంది న్యూమెక్సికోలోని మెస్కలేరో రిజర్వేషనునకుఁ బోయిరి. తక్కినవారు ఓక్లహోమాలోనే నిలిచిరి. చాటో మెస్కలేరోకుఁ బోయినవారిలో నొకఁడు. అచ్చట అతఁడు విరోధుల నడుమనే వృద్ధుఁడయ్యెను. అపాచీ వృద్ధుల మాటలను సేకరించి ఈవ్ బాల్ అను నామె 1980లోఁ బ్రకటించిన గ్రంథమున, జెరానిమో బంధువైన డక్లూగీ వంటివారు చాటోను నిర్దాక్షిణ్యముగా నిందించిరి. 1929లో తన జ్ఞాపకములను ప్రకటించిన డేవిసు మాత్రము, తెల్లవారిలోఁగాని ఎఱ్ఱవారిలోఁగాని తానెఱిఁగిన యుత్తములలో చాటో యొకఁడని తలఁచెను. డేవిసు అతని పై యధికారి. డక్లూగీ అతనిచే వేఁటాడఁబడినవారి బిడ్డ. ఇరువురి సాక్ష్యమును ఇరువురి స్థానమునుబట్టియే గ్రహింపవలయును. వెండి పతకము నిచ్చిన ప్రభుత్వము మాత్రము ఈ తగవులో నే పక్షమును పట్టలేదు. స్కౌటుకును తిరుగుబాటుదారునకును భేద మెంచక, చిరికాహువా యను నొక్క పేరుతో ఇరువురను ఒక్క రైలులో నెక్కించెను.

చెఱ విడువకముందే, 1909లో, జెరానిమో సిల్ కోటలో మరణించెను. చాటో 1934లో మెస్కలేరో సీమలో మోటారుకారు ప్రమాదమువలన చనిపోయెను. అప్పటికి సుమారు ఎనుబదియేండ్లవాఁడు. అతని మొదటి భార్యయు బిడ్డలును మెక్సికోనుండి తిరిగి రాలేదు. అపాచీ స్కౌట్లలోఁ గడపటివారు హువాచూకా కోటలో కొలువు చాలించినది 1947లో.